స్వరలిపిని కంప్యూటరున కూర్చుట: మూసల యుపయోగము

పాటను చెవితో విని నేర్చుకొనుట మన పూర్వాచారము. గురువు పాడును, శిష్యుడు తిరిగి పాడును. పుస్తకము జ్ఞాపకమునకు తోడు మాత్రమే. అయినను ఆ తోడు తప్పుదారి పట్టించునదైనచో జ్ఞాపకము కూడ చెడును. ఎలవూరు పరిసరములందు సంగీతము నేర్చుకొను మన పిల్లల నోటుపుస్తకములను చూచినవారికి ఈ సంగతి బాగుగ తెలియును. సరళీవరుసలు ఒక పుటలో తెలుగులిపిలోను, మఱియొక పుటలో తమిళలిపిలోను, వేఱొకచోట ఇంగ్లీషు అక్షరములలోను ఉండును. తాళపు గీతలు కొన్ని పంక్తులలో ఉండును, కొన్నిట ఉండవు. వార్షికోత్సవమునకు ఒక పాటను అచ్చువేసి పంచవలెనన్నచో ఏటేట మొదటినుండి పని ప్రారంభింపవలసివచ్చును. ఈ చిక్కును తొలగించుకొను మార్గమొకటి కలదు. దానినే ఈ వ్యాసమున వివరింప తలచితిని.

మొదట లిపి విషయము. తెలుగు పాటను తమిళలిపిలో వ్రాసికొనుట మన ప్రాంతమున సాధారణము. తమిళలిపి తమిళభాషకు చక్కగ సరిపోవునది. కాని క, ఖ, గ, ఘ అను నాలుగు ధ్వనులకును అందు అక్షరమొకటే. అందుచేత తమిళమున అచ్చగు సంగీతపుస్తకములలో ఆ అక్షరము ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలు వేసి భేదమును తెలుపుదురు. చేతివ్రాతలో మొదట జాఱిపోవునవి ఆ అంకెలే. అవి జాఱినంతనే ‘గానము’నకును ‘కానము’నకును భేదముండదు, ‘బాల’యు ‘పాల’యు నొకటే యగును. ఇంట తెలుగు మాటలాడు పిల్లవాడు సందర్భమునుబట్టి సరిదిద్దుకొనును. ఇంటను తెలుగు పలుచబడిన పిల్లవాడు వ్రాసియున్నట్లే పాడును. పెద్దవాడైన పిదప అట్లే తన వారికి నేర్పును. మన సరిహద్దు గ్రామములలో ఇట్టి పిల్లలు కొందఱు కాదు. కావున పాటను తెలుగులిపిలో, స్ఫుటముగ, ప్రతి యేడును ఒకే రీతిని అచ్చువేసి వారి చేతికిచ్చుట పాఠశాల పనులలో నొకటి.

ఇక మూస యననేమి? పోతపనివారు లోహమును పోయుటకు సిద్ధపఱచుకొను అచ్చును మూస యందుము. కంప్యూటరు విషయమున టెంప్లేటు అనుదానికి నేడు తెలుగున ఆ మాటనే వాడుచున్నారు. పుట కొలత, అంచులు, అక్షరముల పరిమాణము, శీర్షిక యుండు చోటు, తాళపు గీతలు మొదలగువానిని ఒకమాఱు నిర్ణయించి భద్రపఱచిన ఖాళీపత్రమే మూస. దానిని ఎన్నిమాఱులు తెఱచినను అదే రూపమున పేరులేని క్రొత్త పత్రమొకటి వచ్చును. అసలు మూస చెక్కుచెదరక నిలుచును. పిల్లవాడు అందులో స్వరసాహిత్యములను నింపిన చాలును. అంచు ఎంత, గీత ఎక్కడ అను చింత వానికుండదు.

ఈ యూహ కంప్యూటరుకంటె ఎంతయో పాతది. 1501వ సంవత్సరమున వెనీసు నగరమున ఒట్టావియానో పెట్రూచి అను ముద్రాపకుడు సంగీతమును అచ్చొత్తినపుడు ఒకే కాగితమును మూడుమాఱులు యంత్రమున నడిపెను. ఐదేసి గీతల పట్టెలకొకమాఱు, స్వరచిహ్నములకొకమాఱు, సాహిత్యమునకొకమాఱు. పాట ఏదైనను గీతలు ఐదే. మాఱుదానిని మాఱనిదానినుండి విడదీయుట అచ్చటనే కాననగును.

మన దేశమున ఇట్టి ఏర్పాటునకు గొప్ప యుదాహరణము సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు. ఆ మహాగ్రంథము 1904లో ఎట్టయాపుర సంస్థానమున అచ్చయ్యెను. ఎట్టయాపురము తమిళదేశపు దక్షిణభాగమున నున్నది. గ్రంథము మాత్రము తెలుగు. పిల్లలు ఈ సంగతిని మఱువకుందురు గాక. అందు దీక్షితులవారు మొదటనే సంకేతములనన్నిటిని వివరించి, తరువాత గ్రంథమంతటను వానినే వాడిరి. తారస్థాయికి స్వరముపై చుక్క, మంద్రమునకు క్రింద చుక్క, కంపితమునకు అలవంటి గీత, ఎక్కు జారునకును దిగు జారునకును ఏటవాలు గీతలు. చేతితో సీసపు అక్షరములను పేర్చు కాలమున వందలకొలది పుటలు ఈ నియమము తప్పక సాగినవనిన ఆ శ్రద్ధకు అబ్బురపడవలసినదే. వారికి ముందే తచ్చూరు సోదరులు మద్రాసున తమ సంగీతగ్రంథములను స్వరసహితముగ తెలుగులిపిలో వెలువరించియుండిరి. గాయక పారిజాతము, గాయక సిద్ధాంజనము వారివే. తచ్చూరు అను పేరుగల యూరు మనకు సమీపమున పొన్నేరికడ కలదు; ఆ దారిన పోవునపుడైనను పిల్లలకు ఈ సోదరులు జ్ఞప్తికి రావలెను.

మఱియొక త్రోవ కూడ ఆ దినములలోనే ఏర్పడెను. ఎ. ఎం. చిన్నస్వామి ముదలియారుగారు 1893 ప్రాంతమున మద్రాసున మన కృతులను పాశ్చాత్యుల ఐదుగీతల లిపిలో ప్రకటించిరి. సుబ్బరామ దీక్షితులను గ్రంథరచనకు పురికొల్పినవారిలో ఆయనయే ముఖ్యుడు. ఇట్లు రెండు లిపులును మనకు పరాయివి గావు. ఐదుగీతల లిపిని కూర్చుటకు నేడు మ్యూజ్‌స్కోర్ అను ఉచిత సాధనము కలదు. స, రి, గ, మ అను మన స్వరలిపిని కూర్చుటకు లిబ్రే ఆఫీస్ రైటర్ వంటి వ్రాతసాధనమే చాలును, ఇదియు ఉచితమే. పాఠశాలకు మొదట కావలసినది రెండవది గనుక దానినే విస్తరించి చెప్పుదును.

చాలమంది స్వరములను టైపు చేయునపుడు నడుమ నడుమ ఖాళీమీట నొక్కి ఎడము చూపుదురు. తెఱపై అది అందముగనే కనబడును. అక్షరపు పరిమాణము కొంచెము మార్చిన తోడనే, లేదా మఱియొక కంప్యూటరున తెఱచిన తోడనే, పైవరుస స్వరమునకు క్రింది సాహిత్యము తప్పిపోవును. ఒకటవ లెక్కపై పలుకవలసిన అక్షరము మూడవ లెక్క క్రిందికి పోవును. అందుచేత ఖాళీలను విడిచి గడుల పట్టికను వాడవలెను. గడులెన్ని యనుదానిని తాళమే చెప్పును. ఆదితాళమున లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు రెండేసి చొప్పున ఎనిమిది లెక్కలు. కావున ఎనిమిది గడులు. నాలుగవదాని తరువాతను ఆఱవదాని తరువాతను ఒంటిగీత, ఎనిమిదవదాని తరువాత జంటగీత. రూపకమునకు ఆఱు గడులు, రెండింటి తరువాత గీత. త్రిపుటకు ఏడు గడులు, మూడింటి తరువాతను ఐదింటి తరువాతను గీత. తాళము తెలిసినవానికి మూస సగము తెలిసినట్లే.

కొలతలు కూడ లెక్కకట్టి చూపుదును. ఏ4 కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. రెండు ప్రక్కల 15 చొప్పున అంచు విడిచినచో 180 మిగులును. ఆదితాళమునకు గడి యొక్కింటికి 22.5 మిల్లీమీటర్లు వచ్చును. రెండుకాలముల స్వరములకు ఇది ధారాళముగ సరిపోవును. రూపకమున గడి 30 మిల్లీమీటర్లగును. అది మితిమీఱిన వెడల్పు గనుక ఒక పంక్తిలో రెండు ఆవర్తములు పెట్టి 15 మిల్లీమీటర్ల గడులు పన్నెండు చేసికొనుట మేలు. ధ్రువతాళమునకు పదునాలుగు లెక్కలు. కాగితమును నిలువుగ నుంచినచో గడికి 13 మిల్లీమీటర్లైన రావు. కాగితమును అడ్డముగ త్రిప్పినచో 267 మిల్లీమీటర్లు దొరకును, గడికి సుమారు 19 వచ్చును. అలంకారములను అచ్చువేయువారు దీనిని ముందే ఆలోచింపవలెను.

ప్రతి గడిలోను రెండు వరుసలుండును: పైన స్వరము, క్రింద సాహిత్యము. కొందఱు స్వరమునకొక అడ్డుపట్టెను, సాహిత్యమునకు వేఱొక అడ్డుపట్టెను పెట్టుదురు. అట్లు చేసినపుడు పుట చివర స్వరము ఈ పుటలోను సాహిత్యము మఱుపుటలోను పడు ప్రమాదము కలదు. రెంటిని ఒకే గడిలో రెండు పేరాలుగ వ్రాసి, ‘అడ్డుపట్టె పుటల నడుమ విఱుగరాదు’ అను ఏర్పాటును మూసలోనే చేసియుంచినచో ఆ బాధ యుండదు. ఈ చిన్న యేర్పాటు వలన దిద్దుబాటు పని చాల తగ్గును.

కాలప్రమాణమును తెలుపు పద్ధతి మన లిపిలో ఎంతయు సులువు. హ్రస్వమైన ‘స’ ఒక మాత్ర, దీర్ఘమైన ‘సా’ రెండు మాత్రలు. కామా ఒక మాత్ర విరామము, సెమీకోలను రెండు మాత్రలు. రెండవ కాలమునకు స్వరములపై ఒక గీత, మూడవ కాలమునకు రెండు గీతలు. రైటరునందు అక్షరములపై గీత గీయు సౌకర్యము, ఒంటిదియు జంటదియు, సిద్ధముగనే యున్నది. దానికి ‘రెండవ కాలము’, ‘మూడవ కాలము’ అని పేరులిచ్చి రెండు అక్షరశైలులుగ మూసలో భద్రపఱచినచో, పిల్లవాడు స్వరములను గుర్తించి ఆ పేరుపై నొక్కిన చాలును. అట్లే ‘స్వరము’ 14 పాయింట్లు, ‘సాహిత్యము’ 12 పాయింట్లు అని పేరాశైలులును ఏర్పఱచుకొనవలెను. పల్లవి, అనుపల్లవి, చరణము అను శీర్షికలకు వేఱొక శైలి.

శైలులకు పేరులిచ్చుట వలన మఱియొక లాభము కలదు. అచ్చు చూచిన తరువాత సాహిత్యపు అక్షరము చిన్నదిగ నున్నదని తోచినచో మూసలో ఒక్కచోట మార్చిన చాలును. ఆ మూసనుండి పుట్టిన పత్రములను తిరిగి తెఱచునపుడు ‘శైలులను క్రొత్తవానికి సరిపఱచవలెనా?’ అని రైటరే అడుగును. ఔనన్నచో అన్ని పాటలును మాఱును. అయితే గడుల వెడల్పును మాత్రము అది మార్చదు, మాఱునవి శైలులే. అందుచేత గడుల లెక్కను మొదటనే జాగ్రత్తగ నిర్ణయింపవలెనని చెప్పుచున్నాను.

చుక్కల విషయము కొంత చిక్కుగలది. యూనికోడునందు అక్షరముపై నిలుచు చుక్కయు, క్రింద నిలుచు చుక్కయు ఉన్నవి. కాని తెలుగు ఫాంటులు అన్నియు వానిని సరియైన చోట నిలుపవు. ‘స’పై చక్కగ నిలిచిన చుక్క ‘రి’, ‘ని’ అక్షరముల గుడిపై ఎక్కి మాసిపోవును. ఒక్కొక్క ఫాంటున వట్టి వలయముపై విడిగ కూర్చుండును. ముందుగ స నుండి ని వఱకు ఏడు స్వరములకును పైచుక్క, క్రిందిచుక్క పెట్టి కాగితముపై అచ్చు తీసి చూచి, చెదరని ఫాంటునే మూసకు ఎన్నుకొనవలెను. ఏదియు కుదురనిచో స్వరపు వరుసకు పైనను క్రిందను ఇఱుకైన వరుసలు విడిచి చుక్కలను అందుంచుట యొక యుపాయము. ఆ పై వరుసయే జారు, కంపితము మొదలగు గమకముల గుర్తులకు కూడ పనికివచ్చును. ధైవతమును కొందఱు ‘ద’ అనియు, కొందఱు ‘ధ’ అనియు వ్రాయుదురు. ఏది మంచిదను వాదమునకు ఇచ్చట తావులేదు. ఒక పాఠశాల యొకటే వ్రాయవలెను.

పాట తాళపు మొదటి లెక్కపైననే ఎల్లప్పుడు ఎత్తుకొనదు. త్యాగరాజస్వామివారి కృతులలో ఒకటిన్నర లెక్క గడచిన పిమ్మట ఎత్తుకొనునవి యనేకములున్నవి. మూస తెలియనివాడు అట్టి కృతిని మొదటి గడినుండియే నింపును; అటుపై ఆవర్తమంతయు ఒకటిన్నర లెక్క ముందునకు జరిగిపోవును. పాడిచూచినగాని ఈ తప్పు తెలియదు. అందుచే మొదటి గడిలో విరామచిహ్నమును, రెండవ గడిలో సగము విరామమును వ్రాసి అటుపిమ్మట సాహిత్యము నెత్తుకొనవలెను. ఇట్టి కృతులకొఱకు ఆదితాళమునకే రెండవ మూసయొకటి, విరామములు ముందే నింపినది, ప్రత్యేకముగ నుంచుకొనుట మంచిది.

సంప్రదాయమునుబట్టి ముత్తుస్వామి దీక్షితులవారి మొదటి కృతి వెలసినది మన తిరుత్తణి కొండపైననే. అది మాయామాళవగౌళ రాగము, ఆదితాళము. మన పిల్లలు మొట్టమొదట పాడు సరళీవరుసలకును అదియే రాగము, అదియే తాళము. కావున ఎనిమిది గడుల ఆ మొదటి మూస తొలిపాఠమునకును, అంతటివారి తొలికృతికిని సమానముగ చెల్లును. తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి నాటి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్ల మాఱినను అక్కడి తెలుగు కుటుంబములు అక్కడనే యున్నవి. వారి పిల్లలకును ఈ మూస అక్కఱకు వచ్చును.

ఇక మ్యూజ్‌స్కోరును గూర్చి కొంచెము. దీక్షితులవారు కోట బ్యాండువారి పాశ్చాత్య మట్టులకు సంస్కృత సాహిత్యము కూర్చిన నొట్టుస్వరములు కలవు. గమకము లేని శంకరాభరణ స్వరములు గనుక అవి ఐదుగీతల లిపిలో చక్కగ ఇముడును; హార్మోనియము, వయొలిను నేర్చుకొను పిల్లలకు ఉపయోగపడును. ఈ సాధనముతోపాటు వచ్చు మూసలు చాలవఱకు పాశ్చాత్య సంగీతమునకు ఉద్దేశింపబడినవి. వానిని తెఱచి మన పాటను అందులో నొదుగజేయ యత్నించుటకంటె ఒక్క పట్టెగల స్వంత మూసను చేసికొనుట సుఖము. పుట కొలతను ఏ4గ ఉంచి, సాహిత్యపు ఫాంటును తెలుగు ఫాంటుగ మార్చి, ఇన్ని విభాగములకొక పంక్తి యని నిర్ణయించి, సాధనపు టెంప్లేట్ల సంచిలో భద్రపఱుపవలెను. త్రిపుటతాళమును ఏడు లెక్కలుగ పెట్టి పైన 3+2+2 అని చూపవచ్చును. ఇచ్చట మూసను తరువాత మార్చినను పాత పత్రములు మాఱవు. శైలిని వేఱొక దస్త్రముగ దాచి, పాత పత్రమొక్కొక్కదానిలో దానిని ఎక్కించుకొనవలెను.

సాహిత్యము నింపునపుడు స్వరము నెన్నుకొని కంట్రోలు మీటతో ఎల్ మీటను నొక్కవలెను. మాట నడుమ అక్షరములను అడ్డుగీతతో విడదీయవలెను. ఇంగ్లీషు పద్ధతిని అనుసరించి ‘చక్ర’ అను మాటను ‘చక్’, ‘ర’ అని విఱుచుట కొందఱికి అలవాటు. తెలుగున అది ‘చ’, ‘క్ర’ యే. ఒత్తు తన హల్లును విడిచి పోదు.

అన్ని పాటలును గడులకు లోబడవు. పద్యమును రాగముతో పాడుదుము గాని దానికి తాళము లేదు. దానిని ఎనిమిది గడులలో పెట్టుట పద్యమునకు సంకెల వేయుటయే. పద్యమునకు గడులు లేని సాదా మూసను వాడి, పాదమున కొక పంక్తి వ్రాసి, ఆలాపన యెచ్చటనో గుర్తు పెట్టిన చాలును. మన పల్లెల రామభజన కీర్తనలు, కోలాటపు పాటలు, పెండ్లిపాటలు వీనిలో చాపుతాళము విరివిగ వినబడును. మిశ్రచాపునకు 3, 4 చొప్పున ఏడు గడులు. ఖండచాపునకు 2, 3 చొప్పున ఐదు. ఈ పాటలలో అనేకము గ్రంథములకెక్కలేదు. ముసలివారి నోటనే యున్నవి. వీనికొఱకు చేయు మూసలో రాగతాళముల పేరులతోపాటు పాడినవారి పేరు, ఊరు, వ్రాసికొన్న తేదీ, వ్రాసినవారి పేరు అను నాలుగు ఖాళీలు పై భాగమున తప్పక ఉండవలెను. పేరు అచ్చువేయుటకు పాడినవారి సమ్మతి పొందుట మర్యాద. రాగము తెలియనపుడు ఊహించి వ్రాయక ఆ ఖాళీని విడువవలెను; తెలిసినవారు తరువాత నింపుదురు.

అచ్చునకు పంపునపుడు పత్రమును పి.డి.ఎఫ్. రూపమున పంపవలెను. అందు ఫాంటు ఇమిడియుండును గనుక అచ్చుశాలలో తెలుగు ఫాంటు లేకున్నను అక్షరములు చెదరవు. అసలు పత్రమును మాత్రము విడిగ దాచుకొనవలెను, పి.డి.ఎఫ్.ను దిద్దుట కష్టము. దస్త్రములకు పేరులు పెట్టునపుడు ‘పాట 1’, ‘క్రొత్త పాట’ అని పెట్టక తాళము, పాట పేరు, సంవత్సరము వరుసగ వ్రాయుట మంచిది. ఆది, రూపకము, త్రిపుట, రెండు చాపులు ఈ ఐదింటికి మూసలు మొదట చేసికొనినచో పాఠశాల యవసరములు చాలవఱకు తీఱును. ధ్రువము, మఠ్యము, ఝంప, అట, ఏక తాళములకు పై తరగతుల విద్యార్థులు తామే లెక్కకట్టి చేయవచ్చును. అటతాళమునకును పదునాలుగు గడులే గాని గీతలు ఐదింటి తరువాత, పదింటి తరువాత, పండ్రెండింటి తరువాత పడును.